నెల్లూరులో హీట్ పంప్ గీజర్‌కు ఆటోమేటిక్ డీఫ్రాస్ట్ కావాలా?

పాత ఏసీ కంప్రెసర్‌తో ఇంట్లోనే తయారుచేసుకున్న హీట్ పంప్ గీజర్‌కు (గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచేది) నెల్లూరు, ఒంగోలు వాతావరణంలో డీఫ్రాస్ట్ కంట్రోలర్ (కాయిల్ మీద పేరుకున్న మంచును కరిగించేది) అవసరం లేదు. గాలిలో తేమ ఎంత ఉన్నా, గాలి నుంచి వేడిని లాగే బయటి కాయిల్ ఉపరితలం 0 డిగ్రీల కిందకు దిగితేనే మంచు పేరుకుంటుంది. కాయిల్ సాధారణంగా గాలి కంటే 10 డిగ్రీల వరకు చల్లగా ఉంటుంది. జనవరి తెల్లవారుజామున బయట 20 ఉంటే కాయిల్ 10 దగ్గర ఆగుతుంది. అప్పుడు కారేది నీళ్లే, కాబట్టి కింద డ్రెయిన్ పైపు మాత్రం తప్పకుండా పెట్టండి.

మంచు కడితే మెషిన్ బాగా పనిచేస్తోందని, లేదా డీఫ్రాస్ట్ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అది లోపానికి గుర్తు: గ్యాస్ తగ్గి ఉండాలి, లేదా ఫ్యాన్ గాలి సరిగా ఆడకపోవాలి. కంట్రోలర్ పెడితే ఆ లోపం కనబడకుండా పోతుంది, కంప్రెసర్ దెబ్బతింటుంది.

చలి ప్రాంతాల్లోనైనా ఇంతసేపటికోసారి డీఫ్రాస్ట్ చేసే టైమర్ ఒక్కటే చాలదు. మంచు లేకపోయినా అది వేడిని వృథా చేస్తుంది. కాయిల్ పైపుకు సెన్సార్ కట్టి, అది సున్నా కిందే చాలాసేపు ఉంటేనే డీఫ్రాస్ట్ మొదలయ్యేలా, కాయిల్ 10 డిగ్రీలు దాటగానే ఆగేలా పెట్టాలి.