హైబ్రిడ్ ఆఫ్‌రోడ్ కారవాన్ మన ములుగు, ఆసిఫాబాద్ రోడ్లకి పనికొస్తుందా?

అన్నా, మీరు అడిగింది ఇదీ: కాజీపేటలో ఉంటారు, ఇంట్లో నలుగురు. పెర్త్‌లో ఉన్న మీ తమ్ముడి హైబ్రిడ్ ఆఫ్‌రోడ్ కారవాన్ వీడియోలు చూశాక అట్లాంటిదే తెప్పించుకునో, ఇక్కడే చేయించుకునో ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ అడవుల వైపు తిరగాలని ఉంది, ఏం చూసి కొనాలి అని. జవాబు ముందే చెప్పేస్తా. ఆస్ట్రేలియాలో తిరగడానికైతే కళ్లు మూసుకుని కాదు గానీ, బరువులు లెక్క చూసుకుని కొనండి, చాలా మంచి వస్తువు. ఇక్కడ తిరగడానికైతే వెనక లాగే బండి వద్దు, డబుల్ క్యాబ్ పికప్ (ముందు రెండు వరసల సీట్లు, వెనక తొట్టి ఉండే బండి) తీసుకుని దాని మీదే ఏర్పాటు చేసుకోండి. పెర్త్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లు నేను హైబ్రిడ్ లాగాను, హనుమకొండ తిరిగొచ్చాక పికప్‌లో తిరుగుతున్నాను, కాబట్టి రెండింటి సంగతీ తెలుసు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

చదివే మిగతా వాళ్ల కోసం రెండు ముక్కలు. గుడ్డ డేరాలా తెరుచుకునే క్యాంపర్ ట్రైలర్‌కీ, ఇల్లంత ఉండే కారవాన్‌కీ మధ్యరకం ఈ హైబ్రిడ్. పొడవు ఎక్కువగా 13 నుంచి 16 అడుగులు. గోడలు గట్టివి, లోపల మంచం, కాస్త కూర్చునే చోటు ఉంటాయి, వంటిల్లు మాత్రం పక్క నుంచి సొరుగులాగా బయటికి లాగేది. కొన్నిటికి పైకప్పు లేపితే మధ్యలో కాన్వాస్ గోడ వస్తుంది. కింద గాల్వనైజ్డ్ చాసిస్, ఒక్కో చక్రానికి విడిగా ట్రెయిలింగ్ ఆర్మ్, కాయిల్ స్ప్రింగ్, మంచివాటికి రెండేసి షాక్ అబ్జార్బర్లు. కారుకు తగిలించే కప్లింగ్ కూడా అన్ని వైపులా తిరిగే రకం పెడతారు, ఎందుకంటే గుంతల్లో కారు ఒకవైపు వాలి ట్రైలర్ ఇంకోవైపు వాలితే మామూలు గుండు (బాల్) కప్లింగ్ పట్టేసుకుంటుంది.

ఇవన్నీ పశ్చిమ ఆస్ట్రేలియా దూరాల వల్ల పుట్టిన అవసరాలు. బ్రూమ్ నుంచి పోర్ట్ హెడ్‌లాండ్ దాదాపు 600 కిలోమీటర్లు, మధ్యలో ఊరనేదే ఉండదు, శాండ్‌ఫైర్ లాంటి రోడ్‌హౌస్‌లు (పెట్రోలు, తిండి దొరికే మజిలీలు) ఒకటీ రెండూ తప్ప. గిబ్ రివర్ రోడ్డు అయితే డెర్బీ నుంచి కునునర్రా వైపు సుమారు 660 కిలోమీటర్లు, చాలా భాగం కంకర రోడ్డే, వానలు పడే నెలల్లో మూసేస్తారు. అక్కడ నీళ్లు, కరెంటు, గ్యాస్, తిండి, రెండో స్పేర్ టైరు అన్నీ మన వెంటే రావాలి. అందుకే ఇంత బరువైన సరంజామా.

ఇగ మీ తమ్ముడికి గానీ, అక్కడ కొనే ఇంకెవరికి గానీ పనికొచ్చే మాట. షోరూంలోకి పోగానే అందరూ పరుపు నొక్కి చూస్తారు, ఫ్రిజ్ తలుపు తీస్తారు, లైట్లు వేసి చూస్తారు. ముందు చూడాల్సింది ట్రైలర్ మీద బిగించిన బరువుల ప్లేటు. ఖాళీ బరువుని టేర్ అంటారు, సామాను నింపాక దాటకూడని మొత్తం బరువుని ఏటీఎం అంటారు. టేర్ 1900 కిలోలు, ఏటీఎం 2400 అనుకోండి, మీకు మిగిలేది 500 కిలోలు. మస్తు ఉంది కదా అనిపిస్తుంది. ట్యాంకుల్లో 150 లీటర్ల నీళ్లు పోస్తే 150 కిలోలు అక్కడే పోయాయి. తొమ్మిది కిలోల గ్యాస్ సిలిండర్లు రెండు నిండుగా పెడితే ఇనుముతో కలిపి 35 దాకా. నలుగురి బట్టలు, పరుపులు, వారం పది రోజుల తిండి, కుర్చీలు, బల్ల, పనిముట్లు, ఇసుకలో ఇరుక్కుంటే చక్రాల కింద వేసే పలకలు, తాళ్లు పెట్టేసరికి ప్లేటు మీది అంకె దగ్గరికి వచ్చేస్తారు. దీని పైన ఇంకో తిరకాసు ఉంది. ఆనింగ్ (పక్కకి చాపే నీడ గుడ్డ), అదనపు సోలార్ ప్యానెల్, రెండో బ్యాటరీ లాంటివి చాలాసార్లు టేర్‌లో కలిపి ఉండవు. నాకు అమ్మిన డీలరు బ్రోషర్‌లో రాసిన ఖాళీ బరువుకీ, తీసుకున్నాక వే బ్రిడ్జి ఎక్కిస్తే వచ్చిన బరువుకీ వంద కిలోల పైనే తేడా. అడిగితే తాపీగా "అవి ఆప్షన్లు సర్" అన్నాడు. డబ్బు పూర్తిగా కట్టే ముందు వే బ్రిడ్జి చీటీ అడగమనండి, ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోమనండి.

తర్వాతి లెక్క కారుది. ట్రైలర్ బరువులో పదో వంతు అటూ ఇటుగా కొక్కెం మీద కూర్చోవాలి, అంటే 2400 కిలోల దానికి 240. అది కారు మోసే బరువులో కలుస్తుంది, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. ప్రకటనల్లో 3500 కిలోలు లాగుతుందని రాస్తారు, నిజమే లాగుతుంది, కానీ కారు, ట్రైలర్ కలిపి ఇంతకు మించకూడదని ఇంకో హద్దు ఉంటుంది. అంత బరువు నిజంగా తగిలిస్తే కార్లో మనుషులకీ సామానుకీ మిగిలేది కొంచెమే. కొక్కెం మీద బరువు బాగా తగ్గించి ట్రైలర్ వెనక భాగంలో సామాను నింపారా, వంద దాటగానే తోక ఊపడం మొదలవుతుంది. బ్రేకుల సంగతి కూడా చూడాలి. అక్కడ ట్రైలర్ చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలి, 2000 దాటితే అన్ని చక్రాలకీ బ్రేకులు, కప్లింగ్ ఊడిపోతే తనంతట తానే ఆగే ఏర్పాటూ ఉండాలి. ఆ ఎలక్ట్రిక్ బ్రేకులకి కార్లో కంట్రోలర్ బిగించాలి. మన దగ్గర అమ్మే కార్లలో ఇవి కంపెనీ నుంచి రావు.

గతుకుల కంకర రోడ్ల మీద ముందు పోయేవి పరుపులూ గోడలూ కావు. డ్రాయర్ల గొళ్లేలు ఊడతాయి, నీళ్ల పైపుల జాయింట్లు వదులవుతాయి, షాక్ అబ్జార్బర్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. టైర్ల గాలి తగ్గించి, 80 లోపు నడిపితే సగం బాధ తప్పుతుంది. ఒకటి మాత్రం ఎవరూ ముందు చెప్పరు. కారు వెనక చక్రాలు లేపిన రాయి ట్రైలర్ ముందు గోడకి ఠంగున తగిలి, తిరిగొచ్చి కారు వెనక అద్దాన్నే పగలగొడుతుంది. అద్దం మొత్తం చిన్న చిన్న గులకరాళ్లలా రాలిపోయి, ఆ సందులోంచి ఎర్రదుమ్ము సీట్ల మీద, పిల్లల జుట్టులో, అన్నం డబ్బాల్లో చేరుతుంది. అందుకే కొక్కెం మీద వాలుగా మెష్ గార్డు పెట్టించుకోవాలి. ఇక దుమ్ము లోపలికి రాకుండా పైకప్పు మీద వడపోసిన గాలిని లోపలికి తోసే హాచ్ (మూత ఉన్న చిన్న కిటికీ) ఉంటే నిజంగానే తేడా తెలుస్తుంది.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హనుమకొండ నుంచి ఏటూరునాగారం వంద కిలోమీటర్ల పైచిలుకు, 163వ జాతీయ రహదారి, దారి పొడుగునా హోటళ్లూ పెట్రోలు బంకులే. ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన దాటి వాజేడు పోయి బొగత జలపాతం చూసి వచ్చినా మీరు నీళ్లకీ తిండికీ ఎక్కడా అవస్థ పడరు. కాబట్టి హైబ్రిడ్ తీర్చే కష్టం మనకు లేనేలేదు. మనకు ఉన్న కష్టాలు వేరే, వాటిని హైబ్రిడ్ తీర్చదు సరికదా పెంచుతుంది.

మొదటిది రోడ్డు వెడల్పు. కోతల టైములో ఏ ఊరి రోడ్డు చూసినా సగం వరకు వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. కారు ఒక్కటే అయితే ఎట్లనో తప్పించుకుంటారు. వెనక రెండు మీటర్ల వెడల్పు ట్రైలర్ ఉంటే మలుపులో అది లోపలికి కోసుకుపోతుంది, రైతు వడ్ల మీదికి చక్రం ఎక్కితే ఆయన అనే మాటలు న్యాయమైనవే, పడాల్సిందే. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, ట్రైలర్‌తో రివర్స్ అంటే స్టీరింగ్ అటు తిప్పితే అది ఇటు పోతుంది, వెనక పది బండ్లు హారన్ కొడుతుంటే చెయ్యి తిరిగిన వాళ్లకే చెమటలు పడతాయి. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోయే కెరమెరి ఘాట్ మలుపుల్లో ఇది చేయాల్సి వస్తే ఎట్లుంటుందో మీరే ఆలోచించండి. ఊరూరా మనోళ్లు పోసిన స్పీడ్ బ్రేకర్లు సరేసరి. వానలో నల్లరేగడి బాట దిగితే నాలుగు చక్రాల బండే కదలదు, వెనక రెండు టన్నులు ఉంటే ట్రాక్టరు కోసం ఊళ్లోకి నడవాల్సిందే.

రెండోది, అసలుది, రాత్రి ఆగే చోటు. అడవిలో నచ్చిన దగ్గర ఆపి పడుకుందాం అనుకుంటే కుదరదు. ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యం, కవ్వాల్ టైగర్ రిజర్వు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోయి ఉండటమే తప్పు, నిప్పు పెట్టడం ఇంకా తప్పు. తాడ్వాయి, లక్నవరం, జన్నారం లాంటి చోట్ల వసతి బుక్ చేసుకుని అక్కడే బండి పెట్టుకోవడం ఒక దారి. లేదంటే ఊరి పెద్దల్ని అడిగి బడి ఆవరణలోనో, గుడి ముందరో. అడిగితే ఎవరూ కాదనరు, పైగా చాయ్ ఇస్తారు. కానీ బడి గేటులోంచి పికప్ దూరుతుంది, ట్రైలర్ దూరదు.

వాగు ఒడ్డున ఆగే సరదా మాత్రం జూన్ నుంచి అక్టోబర్ దాకా పూర్తిగా మానేయండి. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జంపన్నవాగు ఊళ్ల మీద పడింది. అదే వారం ముత్యంధార జలపాతం చూడ్డానికి పోయి వాగు దాటలేక చిక్కుకున్న వాళ్లని ఎన్డీఆర్ఎఫ్ బృందాలు బయటికి తెచ్చాయి. చెట్ల కింద ఆపడం కూడా ఆలోచించి చేయండి, 2024 ఆగస్టు చివర్లో తాడ్వాయి అడవిలో వచ్చిన గాలివానకి వేల చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి.

ఏసీ గురించి అడిగారు. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు ఉంటుంది. కిలోవాటు తినే ఏసీ పెడితే రెండున్నర గంటల్లో ఖాళీ. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లకైతే సోలార్ తోడుగా రోజుల తరబడి వస్తుంది. మేలో రామగుండం, ఆదిలాబాద్ ఎండల్లో డబ్బాలో పడుకునే ఆలోచన మానేసి నవంబర్ నుంచి ఫిబ్రవరి పెట్టుకోండి. ఇంకో మాట, పైకి లేచే కాన్వాస్ గోడలూ మన కోతులూ ఒకచోట ఇమడవు. బయట వంటిల్లు తెరిచి ఉల్లిపాయలు కోస్తుంటే సాయంత్రం దోమలు, పొద్దున కోతులు, ఇక మీ ఇష్టం.

నాది ప్రైవేటు రిజిస్ట్రేషన్ ఉన్న డబుల్ క్యాబ్ పికప్. వెనక తొట్టికి కప్పు, అందులో విప్పి దించుకునే అల్మారా, పక్కకి లాగే పొయ్యి, 12 వోల్టుల ఫ్రిజ్, 60 లీటర్ల నీళ్ల డబ్బా, పైన మడతపెట్టే టెంట్. అల్మారా ఆటోనగర్‌లో చేయించాను. మీరు నలుగురు కాబట్టి ఇద్దరు పైన, ఇద్దరికి కింద ఇంకో చిన్న టెంట్. చాసిస్, బాడీ ముట్టుకోలేదు, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరు మార్చడం కుదరదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పికప్‌కీ మోసే హద్దు ఉంటుంది. అన్నీ నింపి, మనుషులు కూర్చుని, ఎనుమాముల మార్కెట్ వైపు ఏదో ఒక వే బ్రిడ్జి ఎక్కించి చూసుకోండి, ఒక టీ ఖర్చుకి అటూ ఇటుగా తేలిపోతుంది.

ఇంత చెప్పినా ట్రైలరే కావాలంటే, మన దగ్గర దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు ఉండాలి. అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితాలన్నీ పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకి పోయి ఇది రిజిస్టర్ అవుతుందా, నా కారు దీన్ని లాగొచ్చా అని అడిగి, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కూడా రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మేవాడు "అంతా మేం చూసుకుంటాం సార్" అంటే పైసలు ఇవ్వకండి.

మీ దగ్గర ఇప్పుడున్న కారు ఏది, పిల్లల వయసెంత అన్నది రాయండి, టెంట్ ఎంత సైజు తీసుకోవాలో, ఫ్రిజ్ ఎంతది సరిపోతుందో చెప్తాను.