తీరం ఫోటోకు హైకూ జతచేసేటప్పుడు ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

సముద్రతీరంలో తీసిన ఫోటోల పక్కన హైకూలు (జపాన్ నుంచి వచ్చిన మూడు పాదాల చిన్న కవితలు) రాస్తున్నారని, అయితే రెండింటినీ కలిపి చూసేసరికి కవిత ఫోటో కింది వివరణలా తేలిపోతోందని, దీనికి ఏం చేయాలని మీరు అడిగారు. ఆరేళ్లుగా నేను ఇదే పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లలో నేను రాసినవి దాదాపు అన్నీ అలాగే ఉండేవి కనుక, ఆ లోపం నాకు బాగా తెలిసినదే.

సాయంకాలం ఒడ్డు విడిచి వెళ్తున్న పడవ ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. దానికి నేను మొదట రాసిన పాదాలు ఇవి:

ఎర్రబారిన నీరు
ఒంటరి పడవ
కుంగుతున్న సూర్యుడు

ఈ మూడూ ఫోటోలో కనిపిస్తూనే ఉన్నాయి. కన్ను అప్పటికే చూసినదాన్ని కవిత మళ్లీ చెప్పింది. అంతకంటే పెద్ద తప్పు, చూసేవారు తమంతట తాము అనుభవించవలసిన దిగులును ‘ఒంటరి’ అన్న ఒక్క మాటతో ముందే తేల్చేసింది. చాలా వారాల తరువాత, ఆ పడవ కట్టుతాడు విప్పి ఇచ్చింది నేనేనన్న సంగతి గుర్తుకు వచ్చి ఇలా మార్చాను:

తాడు విప్పిన
చేతులకింకా
ఉప్పు వాసన

ఇప్పుడు పడవ ఫోటోలో ఉంది, దాన్ని సాగనంపిన మనిషి కవితలో ఉన్నాడు. వాసన, స్పర్శ, శబ్దం, ఫోటో తీయడానికి ముందూ తరువాతా జరిగినది, చట్రానికి అవతల ఉన్నది — కెమెరా పట్టుకోలేని ఇవే కవితకు మిగిలిన చోటు.

ఇది నేను కనిపెట్టినది కాదు. జపాన్‌లో హైకూను చిత్రంతో కలిపే హైగా అనే సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది. కవిగానూ చిత్రకారుడిగానూ పేరుపొందిన బుసోన్ (1716–1784) అందులో నిష్ణాతుడు. మంచి హైగాలో బొమ్మ కవితకు అనువాదంలా ఉండదు. రెండూ కొంచెం ఎడంగా నిలబడి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. హైకూ లోపల కూడా ఇలాంటి ఎడమే ఉంటుంది: ‘కిరెజి’ అనే విరుపు మాట కవితను రెండు భాగాలుగా చీల్చి, ఆ రెండింటి నడుమ పాఠకుడికి చోటు ఇస్తుంది. ఫోటో పక్కన చేరినప్పుడు చిత్రానికీ కవితకూ మధ్య మరొక విరుపు ఏర్పడుతుంది కాబట్టి, కవితను మామూలుగా రాసేదానికంటే ఇంకొంత తేలికగా ఉంచవచ్చునని నా అభిప్రాయం.

హైకూ మూడు పాదాలకు చెప్పే 5-7-5 లెక్క గురించి కూడా ఒక మాట చెప్పాలి. జపనీయులు లెక్కపెట్టేది మన అక్షరాల వంటివాటిని కాదు, మాత్రల వంటివాటిని. వారి భాషలో దీర్ఘానికి రెండు లెక్క, పదం చివరి ‘న్’ ధ్వనికి ఒకటి; ఛందస్సులో గురులఘువులు గుర్తించిన తెలుగువారికి ఇది కొత్తగా అనిపించదు. అందువల్ల తెలుగులో 17 అక్షరాలు నింపితే అది జపనీస్ హైకూ కంటే సాధారణంగా పొడవే అవుతుంది. ఆ సంఖ్య కోసం నేను ఎన్నో అనవసరమైన విశేషణాలు చేర్చాను. పైన తాడు విప్పిన కవితలో ఉన్నవి 15 అక్షరాలే. ఇంకో రెండు చేర్చాలని నాకు అనిపించలేదు.

తీరం ఫోటోల విషయంలో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. కెమెరాలోకి వెలుతురును వదిలే షట్టర్‌ను కొన్ని సెకన్లపాటు తెరిచి ఉంచితే అలలు పొగమంచులా పరుచుకుంటాయి. సెకనులో వెయ్యో వంతుకు కుదిస్తే ఒక్కొక్క చుక్కా గాలిలో ఆగిపోతుంది. అలా పొగమంచులా మారిన నీటి ఫోటో పక్కన నేను ఒకసారి ‘బండమీద పగిలే అల’ అని రాశాను. ఎన్నిసార్లు చదివినా ఏదో పొసగలేదు, ఎందుకంటే ఆ ఫోటోలో కాలం నెమ్మదించింది, నా క్రియాపదం మాత్రం పరుగెడుతోంది. అప్పటినుంచి క్రియాపదాన్ని ఎంచుకునే ముందు షట్టర్ వేగాన్ని ఒకసారి చూసుకుంటున్నాను.

కవితను ఎప్పుడు రాయాలన్నదీ ముఖ్యమే. ఇంటికి వచ్చి ఫోటోను తెరమీద చూస్తూ రాస్తే కనిపించేదే రాస్తాము. నేను ఒడ్డునే ఉండి, కెమెరా సంచిలో పెట్టేసి, కళ్లు మూసుకుని, విన్నదీ ఒంటికి తగిలినదీ చిన్న పుస్తకంలో నాలుగైదు మాటల్లో రాసుకుంటాను. సముద్రపు పోటుకు సగం కరిగిన ఇసుక పిచ్చుకగూడు ఫోటోకు కవిత అలా దొరికినదే:

చీకటి పడుతోంది
ఎవరో బిడ్డను
పిలుస్తున్న గొంతు

ఇసుక అన్న మాట గాని, అల అన్న మాట గాని ఇందులో లేవు. ఫోటోను పక్కకు తీసేస్తే ఇది ఏ వీధిలోనైనా వినిపించే పిలుపే; ఫోటోతో కలిపినప్పుడు ఆ గూడు కట్టిన చేతులు ఎవరివో తెలుస్తుంది.

కవిత అక్షరాలను ఫోటోలోని ఆకాశం మీదనో తడి ఇసుక మీదనో చిన్నగా ఉంచండి. అక్కడ ఖాళీ లేకపోతే ఫోటో కింద తెల్లని అంచులో వేయండి. మీ పాత ఫోటో-కవిత జంటల్లో ఒకటి తీసుకుని, ఫోటోలో కనిపించే ప్రతి నామవాచకాన్నీ కవితలోంచి కొట్టేసి, మిగిలినది ఇక్కడ పెట్టండి. ఒక్క మాటే మిగిలినా సరే, అక్కడినుంచి కలిసి చూద్దాం.