చెమ్మెక్కిన పొడి, పాచి నోటి కాఫీ

సందేహం: మాది విజయనగరం. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు పల్లె. ఈ ముసురుకి మా పాత ఇంట్లో వంటగది గోడ అడుగునంతా సున్నం ఉబ్బి పెచ్చులూడుతోంది. మొన్న పొద్దున్న ఆవిడ కాఫీ పొడి సీసా తీసి, "పొడి కూడా చెమ్మెక్కిపోనాది, గోడలాగే" అన్నారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి "చెమ్మ కాదు నాన్నమ్మా, తేమ అనాలి, పుస్తకంలో అలాగే ఉంది" అన్నాడు. ఏది ఒప్పు? ఇంకో రెండు సందేహాలు. పాచి నోటితో కాఫీ, మెట్ల మీద పాచి, పాచి పని — వీటన్నిటిలోనూ ఉన్నది ఒకే పాచా? పక్కింటావిడ ఒక్కతే కనబడినా "కాఫీలయ్యాయా?" అని బహువచనంలో అడుగుతాం. అది తప్పా?
— ఒక గృహిణి, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ అత్తగారు అన్నది అక్షరాలా సరైన మాట. మీ అబ్బాయి నేర్చుకున్నదీ మంచి తెలుగు మాటే, కానీ ఆ సీసా దగ్గర అది అతకదు. తేమ పుస్తకాల మాట, చెమ్మ ఇంటి మాట అనుకోవడం వల్ల ఈ చిక్కు వచ్చింది. నిజానికి రెండూ ఇంటి మాటలే. వాటి పనులు వేరు.

తడి, చెమ్మ, తేమ — ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తడి కంటికి కనబడేది. తడి బట్ట పిండితే నీళ్లు కారతాయి, తడి చేతులు తుడుచుకుంటాం, తడి ఆరని నేల మీద జారిపడతాం. చెమ్మలో నీళ్లు కనబడవు. చేయి వేస్తే చల్లగా తగులుతుంది, పిండితే ఏమీ రాదు, అయినా పొడిగా లేదని తెలుస్తుంది. ఇక తేమ ఒక వస్తువులో ఎంత నీరుందో చెప్పే మాట. అందుకే దాన్ని కొలుస్తాం. గాలిలో తేమ, నేలలో తేమ, విత్తనంలో తేమ అంటాం. మన రెండు జిల్లాల్లో ధాన్యం అమ్ముకునే రైతుని ఎవరిని అడిగినా చెబుతారు. మిషన్ మీద తేమ 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టుకు రమ్మంటారు. ఆ రైతే "చెమ్మ పదిహేడు శాతం" అని ఎన్నడూ అనడు. అదే ఆయన ఇంటికి వచ్చి అగ్గిపుల్ల గీస్తే వెలగకపోతే "పెట్టె చెమ్మెక్కింది" అంటాడు, అక్కడ తేమ అనడు. చదువుతో నిమిత్తం లేకుండా, ఎక్కడ ఏ మాట వాడాలో ఆయన నాలుకకి తెలుసు.

కన్నీటి విషయంలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కళ్లు చెమ్మగిల్లాయి అంటే నీరు ఇంకా రెప్ప దాటలేదు. చెంపలు తడిశాయి అంటే దాటేసింది. ఈ రెండూ తారుమారు చేసి రాస్తే చదివేవాళ్లకి వెంటనే ఎబ్బెట్టుగా తగులుతుంది. అలాగే కాఫీతో గొంతు తడుపుకుంటాం గాని గొంతు చెమ్మ చేసుకోము. వీటికి నెమ్ము అనే మరో చుట్టం ఉంది. పాత వాడుకలో అదీ చెమ్మే. ఇప్పుడు ఎక్కువగా ఊపిరితిత్తులకి వచ్చే జబ్బు గురించి, "బిడ్డకి నెమ్ము చేసింది" అనేటప్పుడే వింటున్నాం. నిమ్ము అనేవాళ్లూ ఉన్నారు.

మీ అత్తగారి మాటలో నాకు మరీ నచ్చింది 'ఎక్కు' అనే క్రియ. తెలుగులో ఎక్కు, పట్టు అనే రెండు క్రియలూ ఇలాంటి చోట్ల వస్తాయి, కానీ ఒకదాని బదులు ఒకటి రావు. తుప్పు పడుతుంది, మసి పడుతుంది, బూజు పడుతుంది, చెమట పడుతుంది. ఇవన్నీ పైపైన అంటుకునేవి. వేడెక్కడం, బరువెక్కడం, మత్తెక్కడం, పిచ్చెక్కడం — ఇవి కొద్దికొద్దిగా లోపలికి వ్యాపించేవి. ఇప్పుడు ఆ సీసా వైపే చూడండి. పొయ్యి పక్కన పెడితే ఆవిరికి మూత లోపలివైపు సన్నని నీటి పొర కడుతుంది. దాన్ని 'మూతకి చెమ్మ పట్టింది' అంటాం. ఆ చెమ్మ పొడిలోకి దిగి ఉండలు కట్టేస్తే 'పొడి చెమ్మెక్కింది' అంటాం. చికోరీ కలిపిన పొడి ఇంకా త్వరగా ముద్ద కడుతుంది, ఎందుకంటే చికోరీకి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఎక్కువ. ఈ చివరి వాక్యంలో తేమ ఎక్కడ పడాలో అక్కడ పడింది. "గాలిలో తేమ ఎక్కువై పొడి చెమ్మెక్కింది" అని మీ అబ్బాయిని ఒకసారి రాయమనండి. నాన్నమ్మ మాటా పుస్తకం మాటా ఒకే వాక్యంలో ఇముడుతాయి.

గోడ దగ్గర 'ఎక్కు' మరింత నిజం. ఇటుకకీ సున్నానికీ సన్నటి రంధ్రాలు ఉంటాయి. పునాది నేలలోని నీటిని అవి కింద నుంచి పైకి లాగుతాయి. పునాదికీ గోడకీ మధ్య అడ్డు పొర వేయని పాత ఇళ్లలో చెమ్మ నిజంగానే అడుగు నుంచి పైకి ఎక్కుతుంది. మీరు 'గోడ అడుగునంతా' అని రాశారు కాబట్టి మీ ఇంట్లోదీ ఇదే కావచ్చు. పైకప్పు నుంచి వచ్చేదైతే ఇల్లు కురుస్తోంది అంటాం, పైపు నుంచైతే కారుతోంది అంటాం. ఇప్పుడు రంగులేసే వాళ్ల దగ్గర నుంచి మేస్త్రీల దాకా అన్నిటికీ 'డ్యాంప్ వచ్చింది' అంటున్నారు. ఆ మాట మీద నాకు కోపం లేదు, అందరికీ అర్థమవుతోంది. కానీ డ్యాంప్ అంటే నీరు ఎటు నుంచి వచ్చిందో తెలీదు. కురుస్తోంది, కారుతోంది, చెమ్మెక్కుతోంది అనే మూడు మాటల్లో ఆ సంగతి ముందే ఉంది. మేస్త్రీని పిలిచినప్పుడు ఈ మాటలే వాడండి. ఎక్కడ తవ్వాలో సగం అక్కడే తేలిపోతుంది.

చెమ్మ వల్ల ఇంట్లో జరిగే చెడుపుకి వస్తువుని బట్టి మాట మారుతుంది. ఉప్పు నీరు కారుతుంది, జంతికలు మెత్తబడతాయి, బియ్యం ముక్కిపోతాయి, తలుపు బిగుసుకుంటుంది, కాఫీ పొడి ముద్ద కడుతుంది. వీటిలో ఒకదాని క్రియ ఇంకోదానికి పెట్టలేం. ముక్కిపోయిన జంతికలు అని గాని, మెత్తబడిన ఉప్పు అని గాని మన నోట రాదు. ఈ మాటలు పిల్లలకి వంటింట్లో అందాల్సినవి. పాఠంలో తేమ ఒక్కటే ఉంది కదా అని మిగతావాటిని తప్పుల కింద కొట్టేస్తే నష్టం చాలా పెద్దది. ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను.

ఇక 'పోనాది'. అది పోయింది అనడానికి శ్రీకాకుళం వైపు రూపం. పరీక్ష పేపర్లో 'పోయింది' అని రాయాలి, ఇంట్లో నాన్నమ్మని దిద్దక్కర్లేదు. జనం మాట్లాడే తెలుగుని రాతలోకి తేవాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ తారీఖునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. బడిలో ఆరోజు మీ అబ్బాయి ఏదైనా మాట్లాడాల్సి వస్తే ఈ చెమ్మ సంగతి మంచి విషయం.

రెండో సందేహం పాచి గురించి. మీరు చెప్పిన మూడు చోట్లా ఒకే మాట అని నా అభిప్రాయం. వాన నీళ్లు నిలిచిన మెట్ల మీద పచ్చగా, జారుడుగా పట్టేది పాచి. పచ్చ, పసరు, పాచి ఒక కుటుంబం మాటలు. తమిళంలో పాశి అన్నా ఈ నాచే. మన వాడుకలో ఈ మాట రంగుని వదిలేసి, 'కడగకుండా నిలవుంటే పట్టే పొర' అనే అర్థం వైపు జరిగింది. రాత్రంతా నిలవుండి పళ్ల మీద చేరేది పాచి, అందుకే ముఖం కడగని నోరు పాచి నోరు. రాత్రి నుంచి అలా ఉన్న వాకిలి పాచి వాకిలి. దాన్ని ఊడ్చి, కళ్లాపి చల్లి, ఎంగిలి గిన్నెలు తోమడం పాచి పని. నిలవుండి చెడిన అన్నం పాచిపోయిన అన్నం. మీ మెట్ల మీద పాచి, మీ పొద్దుటి కాఫీలోని పాచి అలా ఒక తీగ మీదవే. బెడ్ కాఫీ అనే మాట వచ్చాక పాచి నోటి కాఫీకి కొంత గౌరవం దక్కింది గాని, పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో పళ్లు తోముకోకుండా గ్లాసు పట్టుకుంటే ఇప్పటికీ పాత మాటే వినబడుతుంది.

పాచికీ బూజుకీ తేడా కూడా చెప్పేస్తాను. వెలుతురు తగిలే చోట, నీళ్లు నిలిచే చోట పాచి. ఊరగాయ మీద, రొట్టె మీద, చెమ్మెక్కిన గోడ మూలల్లో వచ్చేది బూజు. అయితే ఇంటి కప్పుకి వేలాడే సాలెగూళ్లనీ బూజే అంటాం. ఒకటి పడుతుంది, రెండోదాన్ని దులుపుతాం. గోడకి బూజు పట్టింది అంటే చెమ్మ సంగతి, బూజు దులిపాను అంటే పండగ పని.

చివరిది, కాఫీలు. తప్పు లేదమ్మా. కాఫీలయ్యాయా, భోజనాలయ్యాయా, స్నానాలయ్యాయా — ఇక్కడ బహువచనం కప్పులని గాని, పూటలని గాని లెక్కపెట్టదు, ఇంట్లో మనుషులని లెక్కపెడుతుంది. ఎదుట నిలబడింది ఒక్కరే అయినా వాళ్ల ఇంటిల్లిపాదినీ కలిపి అడుగుతున్నాం. అందుకే "నీకు కాఫీలయ్యాయా?" అంటే అతకదు, "మీకు కాఫీలయ్యాయా?" అంటే అతుకుతుంది. ఒక మనిషి గురించే అడగాలంటే "కాఫీ తాగేవా?" అంటే సరిపోతుంది. తాగేవా అని రాయాలా, తాగావా అని రాయాలా అని మళ్లీ మీవాడు అడగవచ్చు. పలికేటప్పుడు అక్కడ వినబడేది ఆకీ ఏకీ మధ్య అచ్చు. దానికి మన లిపిలో విడిగా అక్షరం లేదు. అందుకే రెండు రాతలూ చలామణిలో ఉన్నాయి. బడిలో 'తాగావా' అని రాయమనండి.