సంతకం పెట్టే ముందు

చి. రమణకు పెదనాన్న ఆశీస్సులు.

డాక్టరుగారు షుగర్‌కి కొత్త మందు ట్రయల్ ఉంది, చేరతావా అన్నారని, మందులూ టెస్టులూ ఫ్రీ అని నువ్వు ఫోన్‌లో హడావిడిగా చెప్పావు. వెనక నుంచి మీ అమ్మ "నా కొడుకు మీద ప్రయోగాలా" అనడం నాకూ వినబడింది. ఒక ట్రయల్‌లో చివరిదాకా ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. చేరొద్దని అనను. కానీ ట్రయల్ పెట్టేది మందు సంగతి తేల్చుకోవడానికి. దాంతో నీ షుగర్ కూడా తగ్గితే అది నీ అదృష్టం. ఫ్రీ మందుల కోసమే అయితే వెళ్లకు.

మీ అమ్మ భయాన్ని తీసిపారేయకు. ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని పార్లమెంటరీ కమిటీయే తప్పుపట్టింది. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. అలాంటి గొడవల తర్వాతే రూల్స్ బిగిశాయి. ఇప్పుడు నడిచేది 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం.

కన్సెంట్ ఫారం, అంటే ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకుంటున్నానని రాసే కాగితం, ఇవ్వగానే అక్కడే సంతకం పెట్టేయకు. తెలుగు ప్రతి అడుగు, ఇంటికి తెచ్చుకో, రెండు రోజులు చదువు. "మామూలు ఫార్మాలిటీయే సార్" అని ఎవరన్నా తొందరపెడితే అక్కడే అనుమానించాలి. అందులో సీటీఆర్‌ఐ నంబర్, అంటే మన దేశంలో ట్రయల్స్‌ని నమోదు చేసే రిజిస్ట్రీ నంబర్, ఉందా చూడు. మన దేశంలో 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ని ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబర్‌తో నెట్‌లో వెతికితే ఎవరు చేయిస్తున్నారో, ఎంతమందిని తీసుకుంటున్నారో తెలిసిపోతుంది. ట్రయల్‌లో చేరినవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా ఉండాలి. మందు వల్ల ఒంటికి ఏదైనా అయితే వైద్యం ఖర్చు ట్రయల్ చేయించేవాళ్లదే, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ఆ మాట కాగితం మీద రాసి ఉందో లేదో వేలు పెట్టి చూపించమను. సంతకమయ్యాక ఒక కాపీ నీ దగ్గర ఉండాలి.

తర్వాత డమ్మీ మాత్ర సంగతి. మెట్‌ఫార్మిన్ అనే మామూలు షుగర్ మాత్ర వాడుతున్నవాళ్లలో కొందరికి దానిపైన కొత్త మందు, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర ఇస్తారు. ఎవరికేది వచ్చిందో నీకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. కాబట్టి అడగాల్సింది ఇది: "నాకు డమ్మీ వచ్చి షుగర్ పెరిగిపోతే ఎంత దాటాక వేరే మందు మొదలుపెడతారు?" అంకె చెప్పకుండా "మేం చూసుకుంటాం" అంటే ఒప్పుకోకు.

ఇంత తతంగం ఎందుకంటావేమో. రోసిగ్లిటాజోన్ అనే మాత్ర షుగర్ బాగానే తగ్గించేది. 2007లో గుండెపోటు అనుమానాలు వచ్చాయి, 2010లో మన దేశంలో ఆపేశారు. ఆ అనుమానాల తర్వాత 2008లోనే అమెరికాలో కొత్త షుగర్ మందులు గుండెకు హాని చేయవని కూడా చూపించాలన్నారు. అలా చూడబోతే ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు గుండె జబ్బున్న షుగర్ రోగుల్లో గుండె మరణాలు తగ్గించిందని 2015లో తేలింది. ఏడు వేల మంది పైచిలుకు ఆ ట్రయల్‌లో చేరబట్టే తెలిసింది.

ఇక రోజువారీ పని విసుగ్గా ఉంటుంది. ఫాస్టింగ్‌లో రమ్మంటారు, రక్తం తీసేసరికి పది దాటుతుంది. డబ్బాలో ఇడ్లీ పట్టుకెళ్లు, క్యాంటీన్ పూరీల జోలికి పోకు. మిగిలిన మాత్రలు సీసాతో సహా తిరిగిస్తే లెక్కపెడతారు. మానేసిన రోజుంటే మానేశానని డైరీలో రాయి. మాట పడతామని మాత్రలు పారబోసేవాళ్లని చూశాను, అది మందు మీద అబద్ధపు సాక్ష్యం. ఒళ్లు చెమటలు పట్టి చేతులు వణికితే ముందు మీటర్‌తో చూసుకో, 70 కంటే తక్కువుంటే గ్లూకోజ్ వేసుకో, తర్వాత టైమూ అంకే రాయి.

వాళ్లిచ్చే కార్డు పర్సులోనే ఉంచు. ఎక్కడైనా పడిపోయి వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు అందులోని నంబర్‌కి చేస్తే నువ్వు వాడేది అసలు మందో డమ్మీయో చెప్పే ఏర్పాటుంటుంది. నేను ఓ రాత్రి ఆ నంబర్‌కి చేసి చూశాను, ఎత్తుతారో లేదోనని. ఎత్తారు. నువ్వూ చేరిన వారంలోనే చేసి చూడు.

మధ్యలో వద్దనిపిస్తే కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, నీ మామూలు వైద్యం ఆగకూడదు. అయితే ఉన్నట్టుండి మాత్రలు ఆపేయకు, చెప్పి మాను. మీ అమ్మని ఒకసారి ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్ దగ్గరికి తీసుకెళ్లు, ఆవిడ అడిగే ప్రశ్నలు నీకు తట్టవు.

ఫారం ఫోటోలు వాట్సాప్‌లో పంపు, ఆదివారం చదివి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న