రవికి, ఆ టాండమ్ విప్పేముందు

నాన్నా రవీ,

నువ్వు టాండమ్ అనే, ఇద్దరు తొక్కే పాత సైకిలొకటి కొన్నావనీ, దాన్ని బాగుచేసుకుని జూన్‌లో సుధతో కలిసి ఇంగ్లండు పడమటి తీరంలోని వైట్‌హేవెన్ నుంచి తూర్పు తీరంలోని సండర్లాండ్ దాకా పోతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతున్నప్పుడు దాని గొంతులో భయం. నువ్వు పంపిన ఫోటోలో బండి మీద జాక్ టేలర్ పేరు చూడగానే నాకు మాత్రం ముందు సంతోషమే కలిగింది. స్టాక్టన్ మా పక్క ఊరే కదా. జాక్, నార్మన్, కెన్ అని ముగ్గురు అన్నదమ్ములు అక్కడ చేత్తో చేసిన బళ్ళవి. మీ పెదనాన్న ఉంటే ఈపాటికి కారు తీసుకుని నీ ఇంటిముందు దిగేవారు. ఆయన లేరు కాబట్టి ఆయన చెప్పాల్సినవి కూడా నేనే రాస్తున్నాను. పక్కన ఉండి చేతులు మసి చేసుకున్నదాన్నే, చక్రాల బెండ్ తీసింది ఎప్పుడూ నేనే. అందుకని పెద్దమ్మకేం తెలుసులే అనుకోకు.

రంగు జోలికి ఇప్పుడే పోకు. ఆ పాత రంగు కింద ఎక్కడ తుప్పుందో, ఎక్కడ పగులుందో చూడటానికి ఆ రంగే నీకు సాయం. పెడల్స్ దగ్గర గొట్టాలు కలిసేచోట గుడ్డతో తుడిచి, టార్చి వేసి లోపలికి కూడా చూడు. సీటు గొట్టం పట్టేసి ఉంటే సుత్తి ముట్టుకోకు. ఉక్కులో అల్యూమినియం బిగుసుకుపోతే నూనె పోసి వారాల తరబడి ఓపిక పట్టాల్సిందే. నీకు చిన్నప్పటినుంచీ ఓపిక తక్కువ. కాకినాడలో తాతగారి రేడియో ఏం చేశావో మర్చిపోలేదు నేను.

ఏదైనా కొనేముందు కొలువు. ఇంగ్లండు ఫ్రేము కాబట్టి మరలు బ్రిటిష్‌వే అయ్యుండాలి. అంటే పెడల్స్ ఇరుసుని పట్టి ఉంచే కప్పుల్లో కుడివైపుది ఎడమ మర, మామూలుగా తిప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అదే ఫ్రెంచి బండి అయితే రెండు వైపులా ఒకే మర, కొలత 35 మి.మీ. చాలామంది కప్పులు ఇక్కడే పాడుచేసుకుంటారు. చక్రాలు 27 అంగుళాలవైతే వాటి రిమ్ము 630 మి.మీ., ఇప్పటి 700సీ రిమ్ము 622. మారిస్తే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. నీ బ్రేకులు అంత కిందికి దిగుతాయో లేదో ముందే చూసుకో. వెనక ఫోర్కు మధ్య ఖాళీ కూడా కొత్త హబ్‌కి, అంటే చక్రం నడిమి భాగానికి, చాలదు. ఉక్కు కాబట్టి జాగ్రత్తగా వంచి వెడల్పు చెయ్యొచ్చు, కానీ ఆ పని ఫ్రేములు చేసేవాళ్ళకి అప్పగించు. యూట్యూబ్ చూసి గ్యారేజీలో కర్రముక్క పెట్టి వంచకు. ఒక్కో చక్రానికి చువ్వలు 40కి తగ్గనివ్వకు. చైన్లు, కేబుళ్ళు, టైర్లు అన్నీ కొత్తవే వెయ్యి. వెనక బ్రేకుకి, వెనక గేరుకి మామూలు కేబుల్ అందదు, టాండమ్ కేబులనే అడుగు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నీ జాబితా మీ అమ్మ నాకు పంపింది. గేర్లకి ఇంత, రంగుకి ఇంత, తోలు సీట్లకి ఇంత అని వరసగా రాసి, చివర్న "బ్రేకులు: ప్రస్తుతానికి పాతవే" అన్నావు. ఆ లైను చదవగానే నా భుజం నొప్పి పుట్టింది.

మీ పెదనాన్న అచ్చం అదే చేశారు. మేం టాండమ్ కొన్నప్పుడు ఆయన బిల్లింగ్‌హామ్‌లో కెమికల్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు, జీతం అంతంతమాత్రం. కొండలెక్కాలి కాబట్టి గేర్లు ముందన్నారు. పెడల్స్ దగ్గర పళ్ళ చక్రాలు మూడు, వెనక కొత్త ఫ్రీవీలు, డబ్బంతా దానికే పోయింది. బ్రేకులు వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ వేసవిలో సంచులు నింపుకుని నార్త్ యార్క్ మూర్స్‌కి వెళ్ళాం. రోజ్‌డేల్‌లో చిమ్నీ బ్యాంక్ అని ఒక దిగుడుంది. ఏటవాలు ఎక్కువున్నచోట మూడు అడుగులకి ఒక అడుగు పడిపోతుంది. ఆయన మొదటినుంచీ రెండు బ్రేకులూ నొక్కిపట్టే దిగుతున్నారు. వెనక కూర్చున్నదానికి ఏం కనిపిస్తుంది, ఆయన వీపు తప్ప. కాలిన రబ్బరు వాసన వచ్చింది. "ఏమండీ, ఆగుదామా" అన్నాను. ఆయన జవాబిచ్చేలోపే ముందు టైరు ఢామ్మని రిమ్ము వదిలేసింది. ఎలాగో పక్క గట్టు మీదికి తిప్పారు కాబట్టి లోయలోకి పోలేదు. నాకు కాలర్ బోన్ విరిగింది, ఆయన మోచెయ్యి చీరుకుపోయింది. ఆ స్థితిలో కూడా ఆయన రిమ్ము మీద వేలు పెట్టి చటుక్కున లాక్కున్నారు, అంత వేడి. బ్రేకు రబ్బర్లు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. రిమ్ము లోపలి టేపు కరిగి చువ్వల తలలకి అతుక్కుపోయింది.

ఎందుకలా అయిందో తర్వాత ఆయనే కాగితం మీద లెక్కేసి చూపించారు, నువ్వూ వేసి చూడు. ఇద్దరూ, బండీ, సంచులూ కలిపి 180 కిలోలనుకో. ప్రతి 100 మీటర్ల దిగుడుకీ అర లీటరు చన్నీళ్ళని మరిగించేంత వేడి పుడుతుంది. వేగంగా పోతే గాలి కొంత పంచుకుంటుంది. భయపడి మెల్లగా దిగితే దాదాపు మొత్తం ఆ రెండు సన్నటి రిమ్ముల్లోకే పోతుంది. లోపల గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. పాత రిమ్ములకి అంచు లోపలికి వంగి ఉండదు, టైరుని పట్టి ఉంచేది ఏమీ లేదు. నువ్వు దారిలో ఎక్కబోయే హార్ట్‌సైడ్ కనుమ ఎత్తు 580 మీటర్లు. అక్కడినుంచి ఆల్‌స్టన్‌కి 250 మీటర్లకి పైనే దిగాలి. ఆ తర్వాత నెంట్‌హెడ్, బ్లాక్ హిల్, అన్నీ ఎక్కడం దిగడమే. ఎక్కలేకపోతే నడుస్తారు, నాకు దాని గురించి బెంగ లేదు.

అందుకని మూడో బ్రేకు పెట్టు. వెనక చక్రానికి పెద్ద డిస్కు బ్రేకు పెట్టించుకోవచ్చు. దాని పట్టీ ఫ్రేముకి అతికించడానికి మళ్ళీ ఆ ఫ్రేములు చేసే మనిషే కావాలి, హబ్ కూడా డిస్కుకి తగ్గది కొనాలి. ముందు ఫోర్కుకి మాత్రం డిస్కు అతికించనివ్వకు, ఆ పాత సన్నటి కాళ్ళు ఆ గుంజుడుకి చేసినవి కావు. ముందు చక్రానికి రిమ్ముని రెండు పక్కలా నొక్కే మంచి వీ-బ్రేకు చాలు, దానికి సరిపడే లివరే వెయ్యి. మా రోజుల్లో మూడో బ్రేకుగా అరాయ్ కంపెనీ డ్రమ్ము బ్రేకు వాడేవాళ్ళం, ఇప్పుడది చేయడం లేదు, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అదృష్టమే. డిస్కుని కూడా కొండ పొడుగునా రాస్తూ దిగకండి. మధ్యలో ఆగండి, నీళ్ళు తాగండి, ఇనుము చల్లారనివ్వండి.

ఆ మూడో బ్రేకు లివరు సుధ హ్యాండిల్ మీద పెట్టు. ఇది మాత్రం నా మాట వినాల్సిందే. వెనక కూర్చున్న మనిషికి దారి కనపడదు, హ్యాండిల్ తిరగదు, చేతిలో ఏ అధికారమూ ఉండదు. ఆ ప్రమాదం తర్వాత డ్రమ్ము బ్రేకు బిగించి, నా పక్కన పాత గేరు లివరొకటి పెట్టి, "ఇక వేగం నీ చేతిలో" అన్నారు మీ పెదనాన్న. సరిపడినంత లాగి వదిలేస్తే అక్కడే నిలిచి ఉండే లివరది, వేలు నొప్పి పుట్టదు. అప్పటినుంచి దిగుళ్ళలో ఆయన దారి చూసుకునేవారు, నేను వేగం చూసుకునేదాన్ని. గుంత వస్తే "గుంత", గేరు మారుస్తుంటే "గేరు" అని నువ్వు ముందే చెప్పాలి. చెప్పకపోతే వెన్నుపూస దెబ్బ తినేది దానికే. వెనక సీటు కింద స్ప్రింగులున్న పోస్టు వేయించు.

ఎడమవైపు రెండు పెడల్ సెట్లనీ కలిపే చైను మరీ బిగించకు, కొంచెం వదులుండాలి. ముందరి పెడల్స్ ఇరుసుని జరిపి దాన్ని సర్దే ఎక్సెంట్రిక్ అనే గుండ్రటి ముక్కకి బాగా గ్రీజు పట్టించు, లేకపోతే మళ్ళీ కదలదు. సామాను లేకుండా ఇంటి చుట్టుపక్కల కొన్ని వారాలు తొక్కండి, తర్వాత సంచులతో. చువ్వలు మొదట్లో కాస్త వదులవుతాయి. చక్రాలు నా దగ్గరికి తీసుకురా, బెండ్ నేను తీస్తాను. చేతులు వణుకుతున్నాయి గానీ చెవి ఇంకా బాగానే ఉంది, చువ్వ మీటితే బిగువు తెలిసిపోతుంది.

గేర్లు నీ డబ్బుతో కొనుక్కో, రంగు వచ్చే ఏడాది వేసుకో. బ్రేకులకి, ఆ ఫ్రేము పనికి అయ్యేదంతా నేనిస్తాను. వద్దనకు, మీ పెదనాన్న డబ్బే అది. బిల్లు నాకు పంపు. ఆదివారం సుధ చేత ఫోన్ చేయించు, నువ్వు పక్కన లేనప్పుడు దాంతో వెనక సీటు సంగతులు కొన్ని మాట్లాడాలి.

మీ పెద్దమ్మ