మేనేజ్‌మెంట్ కోటా సీఎస్ఈ కోసం 12 లక్షల లోను పెట్టొచ్చా?

మీ తమ్ముడికి ఈఏపీసెట్‌లో 60 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది, కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో, మీ ఊరికి దగ్గర్లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వస్తుంది, హైదరాబాద్ శివార్లలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలంటే కాలేజీవాళ్లే అమ్ముకునే మేనేజ్‌మెంట్ కోటాలో ఫీజు ఏడాదికి 3 లక్షలు అంటున్నారు, లోను తీసుకోవచ్చా అని అడిగారు. 2014లో మా ఇంట్లో సరిగ్గా ఈ పనే చేశాం. అందుకని నా లెక్కే చెప్తాను.

నాది ఏడాదికి 1.75 లక్షలు, నాలుగేళ్లకు 7 లక్షలు. వడ్డీ 12 శాతం. చదువైపోయాక ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదన్నారు బ్యాంకులో. ఆ "కట్టక్కర్లేదు" మా నాన్నకి "వడ్డీ లేదు" అని వినపడింది. నాకూ అంతే అనుకోండి. నిజానికి డబ్బు కాలేజీకి వెళ్లిన రోజు నుంచే బారువడ్డీ నడుస్తుంది. మొదటి ఏడాది ఇచ్చినదాని మీద ఐదేళ్లు, చివరి ఏడాదిదాని మీద రెండేళ్లు, అన్నీ కలిపి 2.94 లక్షలు. 2019లో కట్టడం మొదలయ్యేసరికి అప్పు 9.94 లక్షలైంది. పదేళ్ల గడువుకి ఈఎంఐ సుమారు 14,260.

క్యాంపస్‌లో ఓ పెద్ద ఐటీ కంపెనీ తీసుకుంది. ప్యాకేజీ 3.36 లక్షలు. ఊళ్లో స్వీట్లు పంచారు. కోతలు పోను చేతికొచ్చేది 23 వేలు, ఈఎంఐ పోతే 8,700. మాదాపూర్‌లో నలుగురుండే హాస్టల్ గదిలో మంచానికీ తిండికీ 6 వేలు. బస్ పాసు, ఫోను, పండక్కి ఇంటికెళ్లి రావడం అన్నీ మిగిలినదాంట్లోనే.

రెండో నెలలోనే ఖాతాలో 400 రూపాయలు తక్కువపడి ఈఎంఐ బౌన్స్ అయింది. బ్యాంకువాళ్లు నాకు కాదు, షూరిటీ సంతకం పెట్టిన మా బాబాయికి ఫోన్ చేశారు. ఆయన ఎరువుల కొట్లో ఉన్నాడట, పక్కన నలుగురున్నారు. సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒక్క మాటే అడిగాడు: "అబ్బాయ్, జీతం పడలేదా?" తిట్టినా బాగుండేది.

నా పక్క మంచం కుర్రాడిది ఏలూరు వైపు. అక్కడే కన్వీనర్ సీటులో ఈసీఈ చదివాడు. ఫీజులో 35 వేలు రీయింబర్స్‌మెంట్, మిగిలింది వాళ్ల నాన్న కట్టాడు. అదే కంపెనీ, అదే 3.36 లక్షలు, ట్రైనింగ్‌లో ఒకే బ్యాచ్. కంపెనీవాళ్లు రాత పరీక్ష పెట్టారు, 60 శాతం మార్కులున్నాయా, బ్యాక్‌లాగ్‌లున్నాయా చూశారు. ఏ కోటా సీటని ఒక్కరూ అడగలేదు. నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇదే. ఆ 7 లక్షలతో నేను కొన్నది జీతం కాదు, కాలేజీ పేరు.

మీ లెక్క చూడండి. 12 లక్షలకి వడ్డీ 10 శాతమే అనుకున్నా, కట్టడం మొదలయ్యేసరికి 16.2 లక్షలవుతుంది. పదేళ్లకు ఈఎంఐ 21,400 దాకా. పైగా 7.5 లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతారు. చదువు లోను వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది కదా అంటారు కొందరు. 3.36 లక్షల జీతగాడికి కట్టాల్సిన పన్నే లేదు, ఇక మినహాయింపు దేనికి?

కాలేజీ ఫ్లెక్సీ మీద ఉన్న హయ్యెస్ట్ ప్యాకేజీని లెక్కలోకి తీసుకోకండి. అది ఒకడిది. ఓ మధ్యాహ్నం తమ్ముణ్ణి తీసుకుని కాలేజీ బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఫైనలియర్ పిల్లల్ని అడగండి: మీ సెక్షన్‌లో ఆఫర్లు ఎందరికి వచ్చాయని కాదు, ఎందరు ఉద్యోగంలో చేరారని. నాకు తెలిసిన కొందరికి ఆఫర్ లెటరు చేతిలో ఉన్నా ఏడాది దాకా జాయినింగ్ తేదీ రాలేదు. ఈఎంఐ మాత్రం తేదీ తప్పదు.

నేనైతే ఆ ఈసీఈ సీటే తీసుకోమంటాను. పెద్ద సర్వీసెస్ కంపెనీలు ఈసీఈ వాళ్లనీ అవే ఉద్యోగాలకి తీసుకుంటాయి, కోడింగ్ సొంతంగా నేర్చుకోవాలి, అంతే. అక్కడ పాఠాలే సరిగ్గా జరగవని తెలిస్తే మాట వేరు. లోను తప్పదనుకుంటే చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేయండి. మీ 12 లక్షలకి మొదటి ఏడాది నెలకి 2,500, నాలుగో ఏడాదికి 10,000. అలా కడితే కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి కూడా. ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపైతే ఆ కాలానికి వడ్డీ కేంద్రమే భరించే పథకం ఉంది, మీ సీటుకి వర్తిస్తుందేమో లోను పెట్టకముందే అడగండి.

నా అప్పు 2023లో తీరిపోయింది. అందులో నా గొప్పేం లేదు. 2021 చివర్లో కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్న రోజుల్లో ఉద్యోగం మారాను, జీతం రెట్టింపైంది. రెండేళ్లు ఆలస్యమైతే ఆ జీతం దొరికేది కాదు. నో డ్యూస్ కాగితం ఫొటో బాబాయికి పంపితే ఫోన్ చేశాడు. "బాగుందిరా, నేను సంతకం పెట్టిన కాగితం కూడా వెనక్కి ఇచ్చారా?" అన్నాడు.