టెక్ సందేహాలు: రీస్టార్ట్ చేస్తే రూటర్ బాగుపడినట్టేనా?

ప్రశ్న: మాది చిన్న కంపెనీ. ఐఓఎస్ ఎక్స్‌ఈ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సిస్కో రూటర్ వాడుతున్నాం. మేమెవరం పెట్టని 'సిస్కో_సపోర్ట్' అనే యూజర్ అందులో కనిపించింది. నెట్‌వర్క్ చూసే ఆయన రీస్టార్ట్ చేసి, ఇక భయం లేదన్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాదు. ఐఓఎస్ ఎక్స్‌ఈలోని సీవీఈ-2023-20198 అనే భద్రతా లోపంతో చొరబడినవాళ్లు పెట్టిన ఖాతాల్లో సరిగ్గా ఈ పేరే ఉంది. 'సిస్కో_టాక్_అడ్మిన్' ఇంకొకటి. 2023 అక్టోబర్ 16న సిస్కో ఈ లోపాన్ని బయటపెట్టింది. తీవ్రత పదికి పది. రూటర్ వెబ్ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే లెవల్ 15 ఖాతా, అంటే సర్వాధికారాలు ఉన్నది, సృష్టించుకోవచ్చు. ఆ తర్వాత సీవీఈ-2023-20273 అనే రెండో లోపంతో 'బ్యాడ్‌క్యాండీ' అనే ప్రోగ్రామ్‌ను లోపల పెడతారు.

రీస్టార్ట్‌తో పోయేది ఆ ప్రోగ్రామ్ మాత్రమే. సేవ్ అయిన దొంగ ఖాతా ఎక్కడికీ పోదు. పైగా రూటర్ మెమరీలోని లాగ్, అంటే జరిగినవాటి చిట్టా, చెరిగిపోతుంది. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే ఆధారం అదే కాబట్టి, నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. లాగ్స్‌ను దాచిపెట్టే వేరే సిస్‌లాగ్ సర్వర్‌కు అవి వెళ్తుంటే వెంటనే భద్రపరచండి. తెలియని పేరుతో వెబ్ లాగిన్లు, మీరు చేయని ఇన్‌స్టాల్ ఆపరేషన్లు ఉన్నాయేమో వెతకండి.

బ్యాడ్‌క్యాండీ ఉందో లేదో తెలుసుకోవడానికి లాగౌట్ పేజీకి ఒక రిక్వెస్ట్ పంపే పరీక్ష ఉంది. అక్షరాలు, అంకెలు కలిసిన హెక్సాడెసిమల్ వరుస జవాబుగా వస్తే, ఉన్నట్టే. రాకపోతే లేదని మాత్రం అనుకోవద్దు. ఈ పరీక్ష బయటికొచ్చిన కొద్దిరోజులకే, రిక్వెస్ట్‌లో తమ రహస్య హెడర్ (గుర్తులాంటి అదనపు వరుస) ఉంటేనే బదులిచ్చేలా దాడిదారులు ప్రోగ్రామ్‌ను మార్చేశారు.

ముందు 'నో ఐపీ హెచ్‌టీటీపీ సర్వర్', 'నో ఐపీ హెచ్‌టీటీపీ సెక్యూర్-సర్వర్' అనే రెండు కమాండ్లూ ఇచ్చి వెబ్ పేజీని ఆపేసి, కాన్ఫిగరేషన్ సేవ్ చేయండి. ఒక్కటే ఇస్తే రెండో దారి తెరిచే ఉంటుంది. వెబ్ పేజీ తప్పనిసరి అయితే, మీ ఆఫీసు ఐపీలకు మాత్రమే అనుమతిస్తూ యాక్సెస్ లిస్ట్ పెట్టండి. తర్వాత రన్నింగ్ కాన్ఫిగ్ (రూటర్ ప్రస్తుత సెట్టింగ్స్) మొత్తం చదివి, మీవి కాని లెవల్ 15 ఖాతాలు, టనెల్ ఇంటర్‌ఫేస్‌లు (వేరే నెట్‌వర్క్‌కు వేసిన దొంగ దారులు) తీసేయండి. సిస్కో సరిచేసిన వెర్షన్ వేసుకోండి. పాస్‌వర్డ్‌లు, వీపీఎన్ కీలు, ఎస్ఎన్ఎంపీ స్ట్రింగ్‌లు (రూటర్‌ను దూరం నుంచి గమనించే పద్ధతికి వాడే రహస్య పదాలు) అన్నీ మార్చండి.

ప్యాచ్ వచ్చి రెండేళ్లయినా ముప్పు పోలేదు. 2025 జులై నుంచి ఆస్ట్రేలియాలో 400కు పైగా పరికరాలకు బ్యాడ్‌క్యాండీ సోకి ఉండొచ్చని అక్కడి సైబర్ భద్రతా సంస్థ అక్టోబర్ చివర్లో హెచ్చరించింది. తీసేసిన చోటికే దాడిదారులు మళ్లీ వస్తున్నారనీ చెప్పింది.

మరో మాట. మన దేశంలో ఇలాంటి చొరబాటును గుర్తించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి. ఇప్పటిదాకా తెలపకపోతే ఈ రోజే ఆ పని చేయండి.

ప్రశ్న: ఇంటి వైఫై రూటర్‌కూ ఈ ప్రమాదం ఉందా?
- ఒక గృహిణి, వరంగల్

జవాబు: ఈ లోపం మీ రూటర్‌లో ఉండదమ్మా. కానీ దాని సెట్టింగ్స్‌లో 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసిన పాత మోడల్ అయితే కొత్తది కొనుక్కోండి.